రూతమ్మ ఆపిన పూజ

మొన్న విశ్వకర్మ పూజ నాడు ఢిల్లీ పక్కన వైశాలి మెట్రో దగ్గర మెకానిక్కు షాపు ముందు నుంచి వస్తున్నాను. ఇంజనాయిలు వాసనలో కలిసి కర్పూరం వాసన ముక్కుకి తగిలింది. లోపల పానాలకీ సుత్తులకీ బొట్లు పెట్టి హారతిస్తున్నారు. షాపతను "ఆవో అమ్మాజీ, ప్రసాద్ లేలో" అని పిలిచాడు. దూరం నుంచే చెయ్యూపి వచ్చేశాను. అతనేమనుకున్నాడో నాకనవసరం. ఆ రెండు వాసనలూ కలిస్తే చాలు, "అందరూ బయటికి రండి" అన్న రూతమ్మ సిస్టరు గొంతు నాకు వినబడుతుంది. ఆవిడ అరవలేదు. నిద్రపోతున్న పిల్లల్ని లేపినట్టు అంది. అందుకే ఇప్పటికీ భయం.

రూతమ్మది కాకినాడ. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రి కేన్సరు వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. భర్త సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం చేసి పోయాడు. వైశాలిలో రెండు గదుల ఫ్లాటులో ఒక్కతే ఉండేది. నేనావిడకి వంట చేసేదాన్ని. మాది శ్రీకాకుళం వైపు పల్లె, అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆవిడ మెత్తని మనిషని చెబితే అబద్ధం. పులుసులో ఉప్పెక్కువైతే "నరసమ్మా, సముద్రాన్ని మీ ఊళ్ళోనే వదిలేసి రాలేకపోయావా?" అనేది. "మీ నాలిక మీదున్న కారం కంటే నయమేనమ్మా" అనేదాన్ని. ఇద్దరం అలాగే సుఖంగా ఉండేవాళ్ళం.

కూర తరుగుతున్నప్పుడు వార్డు కబుర్లు చెప్పేది. పాత రోజుల్లో గర్భసంచి కేన్సరొచ్చిన ఆడవాళ్ళకి లోపల సన్నని గొట్టాలు పెట్టేవారట. వాటిలోంచి కనబడని వేడి లాంటిది వస్తూనే ఉంటుందట. కేన్సరుని కాల్చేదీ అదే, దగ్గరున్న మంచి ఒంటిని పాడుచేసేదీ అదే. అవి లోపలున్నంతసేపూ నర్సులు సీసం తడక వెనక నిలబడే మాట్లాడేవారట. దగ్గరికెళ్ళినా పని చకచకా ముగించి వెనక్కొచ్చేసేవారట. "గొట్టాలు తీసి సీసం పెట్టెలో పెట్టాక మాత్రం వెళ్ళి వాళ్ళ మంచం మీదే కూర్చునేదాన్ని" అంది.

"కనబడదంటారు, వాసన రాదంటారు, చప్పుడు లేదంటారు. దెయ్యమేటమ్మా?" అన్నాను.

"దెయ్యమైతే ప్రార్థన చేద్దునే. దీని ముందు ప్రార్థన పనిచెయ్యదు. దూరం జరగాలి, అంతే."

నేను నవ్వేశాను. ఆ మాటలు మన ఇంటికొచ్చేవి కావనుకున్నాను.

నా మరిది సింహాచలం ఘాజియాబాదు వైపు తుక్కు కొట్టు నడిపేవాడు. మనిషి సరదా మనిషి, నోరు మూతపడేది కాదు. ఒక ఏడాది మూతపడిన ఏదో ఆసుపత్రి సామాను మూకుమ్మడిగా అమ్ముతుంటే కొనుక్కొచ్చాడు. అందులో ఒక సీసపు దిమ్మ ఉంది. కట్టరుతో కోస్తే దాని కడుపులోంచి వేలి కణుపంత ఉక్కు ముక్క జారిపడింది. అద్దంలా ఉంది. దాన్ని పంట్లాం జేబులో వేసుకుని తిరిగాడు.

"లచ్చిందేవి వదినా ఇది! ఇదొచ్చిన కాణ్ణించీ కొట్లో బేరాలే బేరాలు" అని నాకూ చూపించాడు.

దసరా నాటికి అతని మొహం పాలిపోయింది. రెండు రోజులుగా వాంతులు. తొడ మీద ఎర్రగా కమిలింది. నిప్పు ముట్టలేదు, వేడినీళ్ళు పడలేదు. "దోమేటో కుట్టుంటాది" అన్నాడు. పండగ పూట ఆసుపత్రికి వెళ్ళనన్నాడు. ఢిల్లీలో అందరూ విశ్వకర్మ పూజ చేసుకుంటే, మేం మాత్రం దసరాకి మన పద్ధతిలో ఆయుధ పూజ చేసుకునేవాళ్ళం. దుర్గమ్మ పటం ముందు తూకం రాళ్ళు, కట్టరు, సుత్తి పేర్చాడు. అన్నిటికీ మధ్యన ఇత్తడి పళ్ళెంలో ఆ మెరిసే ముక్క. దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, బంతిపువ్వు పెట్టాడు. ఒక్కొక్కరం వెళ్ళి దాన్ని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాం. నేనూ అద్దుకున్నాను. చల్లగా ఉంది. మామూలు ఇనప ముక్కలాగే ఉంది.

రూతమ్మ చర్చికెళ్ళే మనిషి. "దణ్ణం ఎట్టకపోతే మానె, పులిహోర తిందురు గాని రండమ్మా" అని సింహాచలం పిలిస్తే వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆవిడ అమ్మవారిని చూడలేదు. మూల పడున్న కోసిన దిమ్మను చూసింది. దాని మీద పసుప్పచ్చ రేకు, రేకు మీద మూడు రెక్కల గుర్తు, ఆవిడ వార్డులో సీసం పెట్టెల మీద ఉండేదే. తరవాత సింహాచలం మొహం చూసింది. తరవాత పళ్ళెం చూసింది.

"హారతి కింద పెట్టు నాయనా. అందరూ బయటికి రండి. ఏదీ పట్టుకోకండి. చెప్పులు కూడా వద్దు."

పక్క కొట్టు బన్వారీ విసుక్కున్నాడు. "అరే ఆంటీ, పూజ మధ్యలో ఎవరైనా లేస్తారా?" అని హిందీలో అన్నాడు. వెనకనుంచి మనవాళ్ళలో ఒకావిడ, "కిరస్తానీ ఆవిడ కదా, మన దేవుడంటే కంటగింపు" అంది. రూతమ్మ విన్నది. వినీ ఆవిడ చెయ్యే ముందు పట్టుకుని బయటికి లాగింది.

"తర్వాత నన్ను తిట్టు తల్లీ. నీకు ఓపికున్నన్నాళ్ళు తిట్టు. ముందు నడు."

అందరం వీధి చివరికి వచ్చేశాం. ఆవిడ పోలీసులకి ఫోను చేసి ఏం చూసిందో చెప్పింది. పట్టపగలు, మంచి ఎండ. దూరంగా తెరిచిన కొట్లో దీపం ఒక్కటే వెలుగుతోంది. దాని ముందు మనిషి లేడు. బంతిపూల మధ్య ఆ ముక్క మెరుస్తోంది. ఒక కుక్క లోపలికెళ్ళి పులిహోర తిని, తోకూపుకుంటూ బయటికొచ్చింది. దానికేమీ కాలేదు, మాకూ ఏమీ కాలేదు. ఏమీ జరగకుండా ఏదో జరిగిపోతోందని తెలిసి నిలబడటం ఎలా ఉంటుందో నాకు చెప్పడం చేతకాదు. సాయంత్రానికి చేతుల్లో మీటర్లతో మనుషులొచ్చారు. గుమ్మం దగ్గరైన కొద్దీ అవి చిమ్మటల్లా అరిచాయి. పొడుగాటి పట్టకారుతో ఆ ముక్కను తీసి సీసం డబ్బాలో పెట్టుకుని పోయారు. మా అందరికీ రక్తం పరీక్షలు చేసి, మాకు పర్వాలేదన్నారు. తరవాత కొన్నేళ్ళకి నా కళ్ళకి శుక్లాలొచ్చాయి. వయసు వల్లే అన్నాడు డాక్టరు. కావచ్చు.

సింహాచలానికి పర్వాలేదనలేదు. తొడ పుండైంది. జుట్టు దిండుకే ఉండిపోయేది, తల పైకి లేచేది. ఒంట్లో కొత్త రక్తం పుట్టడం లేదన్నారు. ఆసుపత్రి గదికి అన్నం తెచ్చే మనిషి గిన్నెను గుమ్మంలో పెట్టి కాలితో తోసేవాడు. పెళ్ళాం పైడమ్మ గోడకంటుకుని ఏడ్చేది. నేనూ తలుపు దగ్గరే నిలబడేదాన్ని.

రూతమ్మ వచ్చి ముందు డాక్టరుని అడిగింది: "ఒంటి మీద, బట్టల మీద ఏమీ లేదని చూశారా?" చూశామన్నాడతను. ఆవిడ మోచేతుల దాకా చేతులు కడుక్కుంది, మూతికి గుడ్డ కట్టుకుంది, తిన్నగా వెళ్ళి మంచం పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకమ్మా, అది నా ఒంట్లో ఉందంట" అన్నాడు సింహాచలం.

"నీ ఒంట్లో లేదురా. నిన్ను కాల్చి అది వెళ్ళిపోయింది. పొయ్యిలో కాలిన చెయ్యి ఇంకో చేతిని కాలుస్తుందా?"

"మరి మూతికి గుడ్డేటి?"

"అది నాకోసం కాదు. నీ రక్తం బలహీనపడింది. మేం దగ్గినా నీకు ప్రమాదమే."

అతను ఏడ్చాడు. అన్నాళ్ళకి అదే మొదలు. ఆవిడ నావైపు తిరిగి, "తలుపుకి కాపలా కాస్తున్నావా? చేతులు కడుక్కుని రా" అంది.

అప్పట్నుంచి మేమిద్దరం, తరవాత పైడమ్మా వంతులేసుకుని కూర్చున్నాం. అతను నిద్రపోతే వరండా బెంచీ మీద రూతమ్మ పాత పేపరు పరిచి నాకు అక్షరాలు దిద్దించేది. "ఈ వయసులో నాకెందుకమ్మా?" అంటే, "ఊరికే కూర్చుంటే భయం పెరుగుతుందే" అంది. నేను మొదట రాసింది నా పేరు కాదు, సింహాచలం పేరు. 'హ' వంకరగా వచ్చింది. చూపిస్తే "ఇది నేనేనేటి?" అని నవ్వాడు. అతను బతకలేదు. పోయేటప్పుడు ఒక చెయ్యి పైడమ్మ చేతిలో, ఒక చెయ్యి నా చేతిలో ఉన్నాయి.

రూతమ్మా పోయింది, పెద్ద వయసులో, నిద్రలో. నాకు మిగిల్చింది ఒక్కటే. ముందు అడగడం. కరోనా వచ్చినప్పుడు అడిగాను, అంటుకుంటుందన్నారు. జబ్బు పడ్డవాళ్ళకి అన్నం గుమ్మంలో పెట్టి దూరం జరిగాను, సిగ్గుపడలేదు. ఈమధ్య మా పై వాటాలో ఒక పిల్లకి రొమ్ము కేన్సరుకి కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకొస్తున్నారు. అత్తగారు చంటిదాన్ని తల్లి దగ్గరికి పోనివ్వడం లేదని తెలిసింది. ఆ పిల్ల చేతే డాక్టరుకి ఫోను చేయించాను. బయటి మెషీనుతో ఇచ్చేదే, భయం లేదన్నాడు. చేతులు కడుక్కుని వెళ్ళి అత్తగారి ఎదురుగానే మంచం మీద కూర్చుని, కోడలి చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఆ మెషీను ఆసుపత్రిలోనే ఉండిపోయిందమ్మా. ఇంటికొచ్చింది నీ కోడలొక్కతే."

ఆవిడ లేచి వెళ్ళి చంటిదాన్ని ఎత్తుకొచ్చింది.