బెంజీన్ పళ్ళెంలో తేలిన గీత

దగ్గరగా జరిగి కూర్చోండి. బయట చలిగా ఉంది, నా గొంతు కూడా మునుపటంత లేదు. పొద్దున మనవడి కోటు మీద నూనె మరక పోగొడదామని బెంజీన్ అద్దాను. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, మా దీవిలో క్యూర్‌పైప్ అనే ఊళ్ళోని ఓర్తాన్స్ మదామ్ ఇల్లు, ఆ ముందుగది, కిటికీ అవతల కమ్ముకున్న మంచు నా ముందుకు వచ్చి నిలబడ్డాయి.

ఆవిడ కొడుకు ఆర్మాన్‌ను పెంచిన దాదిని నేను. అక్కడ దాదిని నెనెన్ అంటారు. వాడు పెద్దవాడయ్యాక వంట నా చేతికొచ్చింది. మదామ్‌కు స్టాంపులంటే ప్రాణం. అనుమానం తగిలిన స్టాంపును నల్ల పళ్ళెంలో బోర్లా పరిచి, పైన బెంజీన్ చుక్కలు వేసేవారు. కాగితాన్ని ఎక్కడైనా గీకి ఉంటే ఆ చోటు నల్లగా తేలేది. తడి ఆరేలోగా చూసెయ్యాలి. దీపం దగ్గరుంటే భగ్గుమంటుంది కాబట్టి ఆ పని పట్టపగలు, కిటికీ పక్కనే. ఆర్మాన్‌కూ ఆ విద్య నేర్పారు. ఊళ్ళో స్టాంపులు కూడబెట్టేవాళ్ళందరికీ ఆవిడ మాటే ఆఖరి మాట.

వాళ్ళకు అన్నిటికన్నా మోజు స్పెసిమెన్‌ల మీద. కొత్త స్టాంపు అచ్చయినప్పుడు అది ఎలా ఉంటుందో తెలియడానికి పోస్టాఫీసులకు పంపే నమూనాలవి. మీద ఆ మాటే నల్లగా అచ్చు వేసి ఉంటుంది. వాటిని అతికిస్తే ఉత్తరం కదలదు. అందుకే బయట దొరకడం కష్టం.

ఆర్మాన్‌కు సంబంధం కుదిరింది. ఆ ఆదివారం పిల్ల తండ్రి వచ్చాడు. ఆయనకూ స్టాంపుల పిచ్చే. ఆర్మాన్ ఆయన చేతిలో కానుకగా ఒక స్పెసిమెన్ పెట్టాడు. మామూలుగా తిన్నగా ఉండే అక్షరాలు దీని మీద ఏటవాలుగా, చేత్తో కొట్టినట్టు ఉన్నాయి.

"ఇలాంటిది నేనెక్కడా చూడలేదు! మదామ్, అసలుదేనని మీ నోట ఒక్క మాట అనండి, ఆల్బంలో పెట్టుకుంటాను," అన్నాడాయన.

ఆర్మాన్ వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నెనెన్, అమ్మను ఆపు. ఏదో ఒకటి చెప్పు."

స్టాంపులో ఏదో మోసం ఉందని తెలిసిపోయింది. అయినా పెంచిన చేతులు కదా, ముందుగదిలోకి పరుగెత్తాను. "మదామ్, ఇది రాహుకాలం. మా వాళ్ళు తాంబూలాల వేళ ఏ వస్తువునూ పరీక్షకు పెట్టరు. ముందు కేకు తినండి."

పిల్ల తండ్రి పకపకా నవ్వాడు. "మీ వంటమనిషి పంచాంగం కూడా వడ్డిస్తుందా?"

మదామ్ నవ్వలేదు. నా వైపు చూశారు, తర్వాత కొడుకు వైపు. "ఇన్నేళ్ళలో ఈ ఇంటికి ఒక్కసారీ రాని రాహుకాలం ఇవాళే వచ్చిందా, అప్పలమ్మా? పళ్ళెం తీసుకురా."

తెచ్చాను. చుక్కలు పడ్డాయి. స్టాంపు మధ్యలో నల్లటి గీత వంపు తిరుగుతూ తేలింది, పోస్టు ముద్ర అంచులా.

"ఇది ఒకసారి ఉత్తరం మీద ప్రయాణం చేసిన స్టాంపు," అన్నారు మదామ్. "ముద్రను గీకేశారు. గీకిన చోటు కనబడకుండా పైన ఈ అక్షరాలు కొట్టారు. స్పెసిమెన్ కాదు."

"ఎవరు చేసుంటారు?" అని అడిగాడు పిల్ల తండ్రి.

మదామ్ పళ్ళెం మీంచి తల ఎత్తలేదు. "నా దగ్గర పని నేర్చుకున్నవాడు."

పిల్ల తండ్రి టోపీ అందుకున్నాడు. "ఇకమీదట నా ఆల్బం మీ దగ్గరికే పంపుతాను మదామ్. నా కూతుర్ని మాత్రం పంపలేను."

ఆయన వెళ్ళాక ఆవిడ వంటింట్లోకి వచ్చి నా పీట మీద కూలబడ్డారు. "నీ రాహుకాలం మాట విని ఉంటే?"

"మీ అబ్బాయి పెళ్ళి జరిగేది, మదామ్."

"జరిగేది," అన్నారు. కోడిపులుసు చల్లారిపోయింది. ఎవరమూ ముట్టలేదు.

చాలాకాలానికి రివియేర్ దు రాంపార్ అనే ఊరి నుంచి మా అమ్మాయిని చూడటానికి పెళ్ళివారు వచ్చారు. పక్కింటి వదిన నా చెంగు లాగుతూనే ఉంది. నేను మాత్రం తాంబూలం పళ్ళెం కదలకముందే చెప్పేశాను, "మా పిల్లకు కుడిచెవి వినబడదండీ." వాళ్ళు మంచినీళ్ళయినా తాగకుండా లేచిపోయారు. ఆ వదిన నన్ను తిట్టని తిట్టు లేదు. రెండో సంబంధం వాళ్ళకూ అదే మాట చెప్పి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ అబ్బాయి కూర్చున్న చోటు నుంచి లేచి, వచ్చి మా పిల్లకు ఎడమపక్కన కూర్చున్నాడు.

మీ ఇల్లు చల్లగా, మీ పొయ్యి వెచ్చగా, మీ పిల్లాజెల్లా పచ్చగా నూరేళ్ళు ఉండాలి తల్లీ.