ముంగిగారి బ్లాగు

ఆ వీధిలో ఫోటోగ్రాఫరుగారి అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. బోర్డు మీద 'ఫోటో స్టూడియో' అని మాత్రమే ఉండేది. కింద అంతస్తులో టైలరు, పక్కన మందుల షాపాయన, ఎదురు మేడమీది టీచరమ్మ, అందరూ ఆయన్ని 'ముంగిగారు' అనే పిలిచేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. అనుకున్నా చెప్పేవారు కాదు.

బెల్లం కొట్టిన రాయి అంటామే, అచ్చం అలాంటి మనిషి. కస్టమరు మెట్లెక్కి వస్తే "ఊఁ" అనేవారు. అంటే రండి, కూర్చోండి, ఏం కావాలి అని. లోపలి గదిలో బూడిదరంగు తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి "గడ్డం కిందికి" అనేవారు. గొడుగు లైటు సర్ది "కదలొద్దు" అనేవారు. ఫోటో అయ్యాక మళ్లీ "ఊఁ". ఈసారి దానికి అర్థం, సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి అని. పెళ్లిళ్లకు వెళ్లినా అదే వరస. రోజంతా అంత జనం మధ్య తిరిగి ఇంటికొచ్చిన మనిషిని భార్య "పెళ్లెలా జరిగిందండీ?" అని ఆశగా అడిగితే, చెప్పులు విప్పుకుంటూ "అయింది" అనేవారు.

ఆవిడకేమో మాటలంటే ప్రాణం. స్టూడియో వెనకగదిలో కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, పెళ్లి ఆల్బముల్లో ఫోటోలు వరసగా పేర్చడం ఆవిడ పని. పలకరించే దిక్కులేక ఆ ఫోటోల్లోవాళ్లతోనే మాట్లాడుకునేది. "ఏం బాబాయిగారూ, ఆ చొక్కా మీదేనా, అన్నగారిదా?" "చూడమ్మా పెళ్లికూతురా, నీ ఆడపడుచు నీ నగలనే లెక్కపెడుతోంది, కాస్త కనిపెట్టుకో." ముందుగదిలో ఆయనకి ఇవన్నీ వినిపించేవో లేదో దేవుడికే తెలియాలి.

ఇలా ఉండగా వీధి చివర అద్దాల తలుపులతో కొత్త స్టూడియో ఒకటి వెలిసింది. దానికి తోడు ప్రతివాడి జేబులోనూ ఫోను, ప్రతి ఫోనులోనూ కెమెరా. ముంగిగారి మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గిపోయింది. ఆయన కౌంటరు వెనక కూర్చుని లెన్సులు తుడవడం, తుడిచిన లెన్సులే మళ్లీ తుడవడం మొదలుపెట్టారు.

అప్పుడు దిగాడు బావమరిది. కంప్యూటర్లు బాగుచేసే పని అతనిది. ప్రపంచంలో ఏ కష్టానికైనా కంప్యూటరులో మందుందని అతని నమ్మకం.

"బావా, బ్లాగు పెట్టు. నువ్వు తీసిన ఫోటోలు పెట్టి, దాని కింద నాలుగు మాటలు రాయి. జనం చదువుతారు, నచ్చితే వస్తారు. అంతే!"

"మాటలా?" అన్నారు ముంగిగారు. ఆ మాట ఒక జబ్బు పేరులా వినిపించింది ఆయన నోట.

బావమరిది వినిపించుకోలేదు. ఆ మధ్యాహ్నమే బ్లాగు తెరిచి, మంచి ఫోటోలు ఏరి, రాసే పని మాత్రం బావకి వదిలేసి వెళ్లాడు. ముంగిగారు కీబోర్డు ముందు చాలాసేపు కూర్చున్నారు. చొక్కా తడిసింది గానీ తెర తెల్లగానే ఉంది. చివరికి ఒక వాక్యం పుట్టింది: 'ఇచ్చట అన్నిరకముల ఫోటోలు తీయబడును.'

వెనకగదిలోంచి కత్తెర పట్టుకునే వచ్చి చూసింది ఆవిడ. చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడి మరీ నవ్వింది.

"ఇది బోర్డండీ, బ్లాగు కాదు. లేవండి, నేను చూస్తాను."

ఆయన లేచారు. ఇంత సులువుగా గండం గట్టెక్కినందుకు లోలోపల దణ్ణం పెట్టుకుని, వెళ్లి లెన్సులు తుడుచుకున్నారు. బ్లాగు ఆయనదే గనక ఆవిడ 'నేను' అని ఆయన పేరు మీదే రాసింది. అందులో తప్పేముందో అప్పుడెవరికీ తోచలేదు.

మొదట రాసింది ఒక పెళ్లికొడుకు గురించి. అతనిదీ వాళ్లింట్లోవాళ్లదీ అనుమతి ఫోనులో అడిగే రాసింది. ఆల్బమంతటా ఆ అబ్బాయి చూపు ఒకవైపే ఉంది. పెళ్లికూతురు కుడివైపుంటే అతను ఎడమకి చూస్తున్నాడు, ఆమె ఎడమవైపుంటే ఇంకా ఎడమకి చూస్తున్నాడు. 'అటు ఏముందా అని నేనూ కెమెరా తిప్పి చూశాను. భోజనాల హాలు ఉంది. నా లెన్సుకి దొరికిన మొట్టమొదటి నిజమైన ప్రేమ అదే' అని ముగించింది. ఊరంతా చదివిందని చెప్పలేం గానీ, చదివినవాళ్లు ఇంకొకరికి పంపకుండా ఉండలేకపోయారు. తరవాత, పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి 'నవ్వకూడదు' అనగానే నవ్వాపుకోలేక మూడుసార్లు తిరిగెళ్లిన మామ్మగారి గురించి రాసింది. ఆ తరవాత ఇంకోటి. తోడికోడళ్ల మధ్య నిలబడి ఫోటో తీయించుకోవడం ఎంత కష్టమో ఒకటి.

మెట్ల మీద మళ్లీ అడుగులు వినబడ్డాయి.

ముందుగా ఒక కొత్తజంట వచ్చింది. ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగి, చేతులు జోడించి, "ఆ బ్లాగు రాసేది మీరేనాండీ?" అంది.

ముంగిగారు నీళ్లు నమిలారు. అవునంటే అబద్ధం, కాదంటే గిరాకీ పోతుంది. మధ్యేమార్గంగా "ఊఁ" అన్నారు.

"చూశావా!" అంది ఆ అమ్మాయి మొగుడితో, మురిసిపోతూ. "గొప్పవాళ్లు ఇలాగే ఉంటారు. లోపల సముద్రం, పైకి గప్‌చుప్."

స్టూళ్ల మీద కూర్చున్నాక ఇద్దరూ ఆయన నోటివంకే చూస్తున్నారు. ఏదో చమత్కారం రాలుతుంది, ఏరుకుందామని. ఆయన అలవాటు మీద "గడ్డం కిందికి" అన్నారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే ఆయన బటన్ నొక్కారు. ఫోటో అద్భుతంగా వచ్చింది.

అక్కణ్ణించి ఆయన ఏమన్నా జోకే అయిపోయింది. "పక్కకి జరగండి" అన్నా నవ్వేవారు. "లైటు కాలుతుంది, ముట్టుకోకండి" అన్నా నవ్వేవారు. ఒకాయన నిజంగానే ముట్టుకుని, వేలు కాల్చుకుని, అయినా నవ్వుతూనే వెళ్లాడు. ఒక పెళ్లిలో అసలు గండం ముంచుకొచ్చింది. పెళ్లికూతురి తండ్రి బ్లాగంటే చెవికోసుకునే రకం. విందు వేళ మైకు తెచ్చి, "ఫోటోగ్రాఫరుగారు రెండు మాటలు మాట్లాడాలి" అని చేతిలో పెట్టేశాడు. ముంగిగారు కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశారు. ఆఖరికి, "అందరూ ఒకసారి ఇటు చూడండి" అన్నారు.

చప్పట్లతో పైకప్పు లేచిపోయింది. క్లుప్తత అంటే అదీ అన్నారు. ఇంటికొచ్చాక భార్య అడిగితే "అయింది" అన్నారాయన, కానీ ఆ రోజు చెప్పులు విప్పడం మరిచిపోయి లోపలికి నడిచారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బజారుకెళ్లిన వేళ, ముంగిగారు షట్టరు సగం దించి బ్లాగు మొత్తం చదవడానికి కూర్చున్నారు. అంతవరకూ ఒక్క ముక్క చదవలేదు మరి. తను ఏమేం అన్నారో తనకే తెలియకపోతే ఏదో ఒకరోజు పీకలమీదికి వస్తుందని భయం పట్టుకుంది.

చదువుతుంటే ఒక్కొక్క చోట నవ్వొచ్చింది. నవ్వి, ఎవరైనా చూశారా అని గుమ్మంవైపు చూసుకున్నారు. అలా కిందికి వెళ్తుంటే 'మా ఆవిడ' అనే శీర్షిక తగిలింది.

'ఆవిడ రోజంతా వెనకగదిలో మాట్లాడుతూనే ఉంటుంది. నేను వినడం లేదనుకుంటుంది పాపం. ఒక్క మాట కూడా నేను పోనివ్వలేదు. ముందుగదిలో కూర్చుని, రేడియో పెట్టుకున్నట్టు, అన్నీ వింటాను. జవాబు చెప్తే ఆవిడ మాట ఎక్కడ ఆగిపోతుందోనని చెప్పను. ఇన్ని ముఖాలకి లైటు పెట్టాను గానీ, మాట మధ్యలో ఆవిడ ముఖంలో వెలిగేదాన్ని మాత్రం ఏ లైటుతోనూ తేలేకపోయాను.'

దాని కింద ఆడవాళ్లంతా రాసి పోశారు. 'ఇలాంటి భర్త దొరకడం అదృష్టం.' 'మావారికి చదివి వినిపించాను, నిద్రపోయారు.' 'ఎంత మంచి మనసండీ మీది.'

అందులో రాసినది నిజం కాదు. ఆవిడ మాటలు ఆయన సగం వినేవారు, సగం వినేవారు కాదు. విన్న సగంలోనూ చాలావరకు ఫ్యాను చప్పుడులో కలిపేసేవారు. తన పేరు పెట్టుకుని తన భార్యని అంత బాగా చూసుకుంటున్న ఆ రెండోవాడెవడో గానీ, వాడి మీద ఆయనకి మొదటిసారిగా ఒళ్లు మండింది.

ఆ కోపంలోనే స్వయంగా రాయడానికి పూనుకున్నారు. ఈసారి చొక్కా తడిసినా వదల్లేదు. 'ముఖానికి కిటికీ వెలుతురు మంచిది. ఉదయం వస్తే బాగుంటుంది. పసిపిల్లలకి పాలు పట్టి తీసుకురావాలి. ఏడిస్తే నేనేమీ చేయలేను' అని రాసి, బావమరిది చూపించిన చోట నొక్కారు. ప్రతి అక్షరం సొంతం, ప్రతి అక్షరం సత్యం.

సాయంత్రానికల్లా గగ్గోలు పుట్టింది. 'అన్నా, ఒంట్లో బాగోలేదా?' అని ఒకరు. 'ఎవడో మీ బ్లాగులో జొరబడ్డాడు, పాస్‌వర్డు మార్చండి' అని ఒకరు. 'ఈ శైలి ఆయనది కాదు, వరసగా చదివేవాళ్లకి తెలిసిపోతుంది' అని ఇంకొకాయన తీర్పు చెప్పాడు. బావమరిది పరిగెత్తుకొచ్చి పాస్‌వర్డు మార్చేసి, కొత్తది ఆవిడకి చెప్పి మరీ వెళ్లాడు.

ఆవిడ చదివింది. నవ్వలేదు. "మీరు రాశారా?" అని అడిగింది.

"ఊఁ."

"ఎందుకు?"

ఆయన కెమెరా బెల్టు చుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు. "నీ గురించి... అందులో ఉన్న మాటలు నేననలేదు" అన్నారు.

"అనలేదనేగా రాసుకున్నాను" అంది ఆవిడ, మామూలుగానే. లోపలికెళ్లి కత్తెర అందుకుంది.

ఆ రోజు వెనకగదిలో మాట వినబడలేదు. కత్తెర చప్పుడు మాత్రం టకటకా వచ్చింది. ఫ్యాను ఆపేసి కూర్చున్నా ఇంకేమీ వినబడలేదు ముంగిగారికి.

ఇక దాచి లాభం లేదనుకున్నారు. మర్నాడు ఒక కుటుంబం వచ్చింది, తల్లీ తండ్రీ ఎదిగిన కూతురూ. ఆ తండ్రి రాగానే "మీ పెళ్లికొడుకు కథ మా ఆఫీసంతా చదివించానండీ" అన్నాడు.

ముంగిగారు లేచి నిలబడ్డారు. జన్మలో అంత పొడుగు వాక్యం ఆయన పరాయివాళ్ల ముందు అనలేదు. "అది నేను రాసింది కాదండీ, మొదటినుంచీ మొత్తం మా ఆవిడే రాస్తోంది, నాకు రాయడం రాదు."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తరవాత ఆ తల్లి కళ్లు చెమర్చి మొగుడివైపు తిరిగింది. "విన్నారా? పేరంతా భార్యకే ఇచ్చేస్తున్నారు! మీరున్నారు, కూర వండితే ఉప్పెక్కువైందనడం తప్ప ఇంకోటి తెలీదు."

"నిజంగానే నేనేనండీ" అంది ఆవిడ వెనకగది గుమ్మంలోంచి.

"మొగుడికి తగ్గ ఇల్లాలు!" అన్నాడు ఆ తండ్రి. "ఆయన జోకు వేస్తే ఈవిడ వెంటనే అందుకుంటుంది."

వాళ్లు వెళ్లాక భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. కిందనుంచి టైలరు మిషను ఆపి మరీ "ఏమైందండీ?" అని కేకేశాడట.

ఆవిడ ఆ సాయంత్రమే రాసింది, 'ఇదంతా మా ఆవిడే రాస్తోందంటే ఎవరూ నమ్మడం లేదు' అని. అంతకుముందు రాసినవాటన్నిటికంటే జనం దానికే ఎక్కువ నవ్వారు. నిజం ఇంత బాగా అమ్ముడుపోతుందని అద్దాల స్టూడియోవాళ్లకి తెలియక, వాళ్లూ ఒక బ్లాగు తెరిచి, బోర్డులాగే 'ఇచ్చట' అనే మాటతో మొదలుపెట్టారు. బావమరిది సంగతి సరేసరి, అంతా తన చలవేనని ఇప్పటికీ వీధివీధినా చెబుతాడు.

ఆవిడకి మాత్రం ఒక చిక్కొచ్చి పడింది. పాత ఆల్బముల్లోని కథలు అయిపోవచ్చాయి. కొత్త పెళ్లిళ్లలో ఏం జరిగిందో చూసినవాడు ముంగిగారొక్కరే. "అయింది" అంటే బ్లాగు ముందుకి నడవదు. అందుకని ఆయన పెళ్లిళ్లలో అన్నీ కనిపెట్టి చూడడం మొదలుపెట్టారు. వడ్డించేవాళ్లతో ఎవరు పేచీ పెట్టుకున్నారు, పెళ్లికొడుకు మేనమామ ఏ కుర్చీ కోసం అలిగాడు, పెళ్లికూతురి చెవిలో పిన్ని ఏమంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, మొదట్లో ఇటుకలు మోస్తున్నట్టు ఒక్కొక్క మాటా దింపేవారు. పోనుపోను ఎలా తయారయ్యారంటే, ఆవిడే చెయ్యెత్తి "ఆగండాగండి, ఇంకా మేనమామ దగ్గరే ఉన్నాను, రాసుకోనివ్వండి" అనాల్సి వచ్చింది.

"కస్టమర్ల ముందు మాత్రం నోరు విప్పకండి" అని కట్టడి చేసింది కూడా. "మీరు మౌనంగా ఉంటారనే వస్తున్నారు వాళ్లు."

నిన్న ఒక లాయరుగారు ఫోటో దిగడానికొచ్చారు. నల్లకోటు, నిండైన విగ్రహం. ఫోటో అయ్యాక ముంగిగారి చెయ్యి పట్టుకుని, "మాట్లాడకుండానే ఎంత చెప్పారండీ" అని మెట్లు దిగి వెళ్లారు. ఆయన ఆఖరి మెట్టు దిగేదాకా ముంగిగారు ఊపిరి బిగబట్టుకుని ఆగారు. ఆగి, వెనకగదిలోకి ఒక్క అంగలో వెళ్లి, "ఇదిగో విను, ఆ లాయరుగారు కోటు వేసుకొచ్చారా, కోటు కింద చూస్తే..." అంటూ మొదలుపెట్టారు.

ఆవిడ కత్తెర కింద పెట్టింది.