గాలి వదిలేయ్

మా మరిది కొత్త డింగీ పడవని సముద్రం చేరకముందే ముంచబోయిన మనిషిని నేనే. అదీ ఒక్క వేలిగోరుతో, ఎండిన రోడ్డు మీద.

చదువు నాకు మూడో క్లాసుతో సరి. కానీ మా ఆయన పికప్ గురించి మెకానిక్ భయ్యా కంటే నాకే ఎక్కువ తెలుసని అప్పట్లో నా నమ్మకం. వెనక బరువు మోసే కమాన్ కట్టల దగ్గర కొత్తగా రెండు గాలి బుడ్డలు పెట్టించారు. బరువెక్కించేముందు గాలి కొడితే అవి ఉబ్బి, బండి వెనకభాగం కుంగకుండా ఎత్తిపడతాయి. బరువు దించాక ఆ గాలి తీసేయాలి, లేకపోతే గతుకు గతుక్కీ బండి మేకపిల్లలా గెంతుతుంది. గాలి మూతలు టైరుకున్నట్టే, నంబరు పలక పక్కనుంటాయి. చూశారా, అంతా గుర్తే. నా జ్ఞాపకానికి వంక పెట్టకండి, బుద్ధికి పెట్టుకోండి.

మరిది పన్నెండేళ్లు ఇంకొకరి డింగీలో వల లాగి, చివరికి మా దీవుల్లోని మాయాబందర్‌లో సొంతది కట్టించుకున్నాడు. దాన్ని డిగ్లీపూర్ వైపు, మా అత్తగారుండే రేవులో దింపాలి. అక్కడంతా బురద. పున్నమి, అమావాస్య పోట్లకి తప్ప అంత బరువు తేలదు. ఆ పున్నమి పూట తప్పితే పక్షం రోజులు ఆగాల్సిందే.

పికప్‌లో ఇంజను, వలలు, ఐసు పెట్టెలు. వెనక ట్రాలీ మీద డింగీ. మా ఆయన పళ్ల మధ్య తాడు పట్టుకుని ముడి వేస్తుంటే, పెద్ద తెలిసినదానిలా అడిగాను. "గాలి సంగతేంటండీ?"

"గాలి వదిలేయ్," అన్నారు.

బరువు దించాక కదా తీయాలి అని ఒక ఆలోచన రానే వచ్చింది. రోజూ ప్రతి మాటకీ ఎదురు ప్రశ్న వేసేదాన్ని, ఆ ఒక్క రోజే వేయలేదు. రెండు మూతలూ తిప్పి తీసి, లోపలి పిన్నుల్ని గోరుతో నొక్కాను. బుస్సుమంది. పెద్దల ముందు ఒదిగినట్టు బండి మెల్లగా ఒదిగింది.

కొంత దూరం పోగానే స్టీరింగు చేతిలో తేలిపోతోందన్నారు ఆయన. గుంట వచ్చినప్పుడల్లా ట్రాలీ కొక్కెం రోడ్డుని గీరుతోంది. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు ఆపి, "భయ్యా, గాడీ పీఛే సే బైఠ్ గయా," అన్నాడు. నిజమే, పీట వేస్తే భోజనానికి కూర్చున్నట్టే వెనక్కి కూర్చుంది మా బండి.

మా ఆయన దిగి చూసి బుడ్డలు పగిలాయనుకున్నారు. మెకానిక్‌కి ఫోన్ చేసి, నాసిరకం సరుకు అంటగట్టావని దులిపేశారు. పాపం అతను, సాయంత్రానికల్లా కొత్తవి తెచ్చి బిగిస్తానని బతిమాలుతున్నాడు. సాయంత్రానికి పోటెక్కడుంటుంది?  మరిది డింగీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అంతే. ఆ చెయ్యి చూశాక నా నోరు ఆగలేదు.

"అవి పగల్లేదండీ. నేనే గాలి తీశాను. మీరే గదా వదిలేయమన్నారు."

"గాలి ఊసు వదిలేయమన్నానే తల్లీ. పొద్దున్నే కొట్టి ఉంచాను."

 ఫోన్లో అంతా వింటున్న మెకానిక్, "దీదీ, పంప్ హై క్యా?" అన్నాడు. అతనికి క్షమాపణ చెప్పడానికి మా ఆయన ఫోను నా చేతికే ఇచ్చారు.

సీటు కింద కాలిపంపు ఉంది. నన్ను తొక్కమని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. కుచ్చిళ్లు దోపుకుని తొక్కాను. నా పరువు ఎంత దిగిందో బండి అంత లేచింది.

మేం చేరేసరికి నీళ్లు వెనక్కి తిరగబోతున్నాయి. డింగీ ఒకసారి బురదకి తాకి, ఊగి, తేలింది. మరిది ఛాతీలోతు నీళ్లలో నిలబడి ఏడుస్తూ నవ్వాడు.

ఇంత ఆలస్యమేమిట్రా అని అత్తగారు అడిగారు. "గాలి లేకమ్మా," అన్నారు మా ఆయన, నన్ను కాపాడుతూ.

ఆవిడ సముద్రాన్ని చూసి, డింగీని చూసి, "ఇంజనున్న పడవకి గాలెందుకురా?" అన్నారు.

ఆ బురదలో నిలబడే ఒట్టేసుకున్నాను. ఇకమీదట మా ఆయన దేన్ని వదిలేయమన్నా, వస్తువునా దాని ఊసునా అని అడక్కుండా గోరు కూడా పెట్టను. ఎప్పుడైనా విసుగొచ్చి "నన్ను వదిలేయవే" అన్నా సరే, ముందు అడిగి తేల్చుకుంటాను.