అన్నిటికీ ఐదే

సైకాలజీ మూడో ఏడు చదివే శ్రీప్రియకు ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తలూపే అలవాటు. అలా ఊపితే జవాబు మనకు నచ్చినవైపు మొగ్గుతుందని మేడం చెప్పినప్పటినుంచి గడ్డం కింద పిడికిలి ఆనించుకుని కూర్చుంటుంది. సర్వేకి వెళ్తే జవాబుల అంకెలు ఫారంలో వేస్తుంది, కంటపడినవి నోట్‌బుక్‌లో రాస్తుంది. ఈసారి ఒంటరితనం మీద ఇరవై ప్రశ్నలు. అస్సలు లేదంటే ఒకటి, ఎప్పుడూ అంటే ఐదు. మాధవరం బస్టాండు దగ్గర పూలమ్మే మునెమ్మ, మాల కట్టే చెయ్యి ఆపకుండా, నవ్వుతూ అన్నిటికీ ఐదే చెప్పింది.

"అన్నీ ఐదేనా అవ్వా?"

"తక్కువేస్తే నువ్వెట్ల పాసయ్యేది పాపా?"

అవి తన మార్కులు కావని శ్రీప్రియ విడమరిచి చెప్పి, ఐదులన్నీ రబ్బరుతో చెరిపి, మళ్లీ మొదటినుంచీ చదివింది. మునెమ్మ ఆలోచించుకుంటూ ఒకటి, రెండు అంటూ వచ్చింది. "మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపిస్తుందా?" అన్న పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆమె చేతిలో దారం ఆగింది.

"దీనికి మాత్రం ముందు చెప్పిందే ఏసుకో."

శ్రీప్రియ ఐదు వేసింది. తర్వాత నోట్‌బుక్ తీసి రాసుకుంది: "పద్నాలుగో ప్రశ్న. చెయ్యి ఆగింది. నేను తలూపాను."