గుమ్మి లేచి నడిచిన రోజు

పోయిన ఆదివారం పొద్దున మా పక్కింటి అవ్వ కన్నుమూసింది. నాకు తెలిసి నారాయణఖేడ్‌లో కంది కట్టెతో గుమ్మి అల్లే చేతులు ఆమెవే ఆఖరివి. ఏడుస్తూ రాద్దామనే కూర్చున్నాను. ఆమె తలపుకొస్తే నవ్వే వస్తోంది, ఏం చేయను?

గుమ్మి ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను: ధాన్యం దాచుకునే మనిషెత్తు బుట్ట అది. సంచులు వచ్చాక ఎవరికీ అక్కర్లేకపోయింది. అవ్వ ఖాళీగా కూర్చోలేక చీపుర్లు కట్టి మా గోడకు ఆనించేది. ఇదేమిటని అడిగితే, “గోడ నీది, నీడ నాది” అనేది.

కిందటేడు నేను పాఠాలు చెప్పే బడి వార్షికోత్సవానికి, ఊరంతా కలిసి ఒక పెద్ద బొమ్మ చేసి బస్సు డిపో దాకా నడిపించాలనుకున్నాం. కంది కోతకు వెళ్లే ఆడమనిషి బొమ్మ, మూడు నిలువుల ఎత్తు. ఒళ్లు దేనితో చేయాలో తోచక మేం తలలు పట్టుకుంటే, గుమ్మిని బోర్లిస్తే ఒళ్లే కదా అంది అవ్వ. కొందరు పకపకా నవ్వారు. ధాన్యం బుట్ట ఎక్కడైనా నడుస్తుందా అన్నారు. అవ్వ ఆ రోజు నాతో మెల్లగా అంది, “నేను పొయ్యేలోపల నా గుమ్మి ఒక్కసారి బజార్ల నడవాలె, బిడ్డా.”

కంగ్టి నుంచి ఆటోలో కట్టె వచ్చింది, ఇంటింటి నుంచీ పాత చీరలు వచ్చాయి. తరగతి గదిలో కూర్చుని అవ్వ అల్లుతూ, వాడకట్టు ఆడవాళ్లకూ అల్లిక నేర్పింది. మూడు వారాలకు ఒళ్లు తయారైంది. తీరా బయటికి తీద్దామంటే, అంత పొడుగుది వరండాలోకి మలుపు తిరగక గుమ్మంలోనే ఇరుక్కుంది.

గుమ్మిని ఎప్పుడూ ఇంటి లోపలే, అది ఉండబోయే చోటే అల్లుతారు. బయటికి రావలసిన పనే దానికి ఉండదు. అలవాటు కొద్దీ అవ్వ లోపలే అల్లింది. చదువుకున్న మాకూ తట్టలేదు. మర్నాడే ఊరేగింపు. గుమ్మం పగలగొడదామని ఎవరో అన్నారు. అవ్వ కొడవలి అందుకుని, తన అల్లికను తానే నడుము దగ్గర రెండుగా కోసింది. “గోడ పిల్లలది, కట్టె నాది. కోస్తే నాదే కోస్త.” నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

బయటికి తెచ్చాక ముందు వైపు బిగించి, వెనక వదులుగా తాడు వేసి రెండు ముక్కలనూ కలిపింది. తాడు లాగితే బొమ్మ నిలబడుతుంది, వదిలితే వంగుతుంది.

మర్నాడు డిపో దగ్గరికి వెళ్లాక చూస్తే, మేం కట్టించిన స్వాగత కమాను బొమ్మకన్నా పొట్టి. మా తెలివి అంతటిది. అందరం నిలబడిపోయాం.

“తాడు వదులుండ్రి” అంది అవ్వ.

బొమ్మ నడుము వంచి కమాను దాటింది, అవతల నిటారుగా లేచింది. బజారంతా ఈలలే. బస్సు దిగిన నాగల్‌గిద్ద వాళ్లు కన్నడంలో ఏదో అంటూ దండం పెట్టారు. ఎగతాళి చేసినవాళ్లే మోయడానికి వంతులు వేసుకున్నారు. “నవ్విన నాపచేనే పండుతది” అని అవ్వ వాళ్లందరికీ వినబడేలా అంది. అంత గర్వంగా నడిచిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆదివారం సాయంత్రం ఆమె పాడె బడి ముందు నుంచి వెళ్లింది. ఆమె దగ్గర అల్లిక నేర్చిన ఆడవాళ్లు బొమ్మను తెచ్చి గేటు పక్కన నిలబెట్టారు. పాడె దగ్గరికి రాగానే వెనక తాడు వదిలారు. అక్కడ కమాను ఏదీ లేదు. అయినా బొమ్మ నడుము దాకా వంగింది, పాడె మలుపు తిరిగేదాకా లేవలేదు.