నేను నింపిన గడి

పంతొమ్మిది వందల తొంభై నాలుగు, కార్తీక మాసం, రెండో బుధవారం, పొద్దున్న పదీ ఇరవై. మా ఊరు గిలకలదిండిలో బడి వసారా. గడియారం చూసి గంట చెప్పడం నాకప్పటికే వచ్చు. అక్షరాలే రావు.

మా తోటికోడలికి వచ్చు. గుడివాడలో మేనమామ ఇంట ఉండి ఐదో తరగతి దాకా చదివింది. వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా, మందు సీసా మీద ఏముందో తెలియాలన్నా ఆమె అరుగు ఎక్కాల్సిందే. చేపను చేత్తో ఎత్తి తూకం చెప్పడంలో, చిరిగిన వల బాగుచేయడంలో ఆమె నా కాలిగోటికి సరిపోదు. అయినా ఊరు ఆమెనే అడిగేది. నాకు అది గొంతులో ముల్లు.

ఆ ఏడు నాకు మనవరాలు, ఆమెకు మనవడు ఐదు రోజుల తేడాలో పుట్టారు. నర్సమ్మ ఇద్దరికీ టీకాల కార్డులిచ్చింది. సూది వేసినప్పుడల్లా ఒక గడిలో తేదీ వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టేది. చదవలేకపోయినా గళ్ళు లెక్కపెట్టగలను. తొమ్మిదో నెలలో తట్టు రాకుండా సూది వేసిన బుధవారం నా కూతురు పిల్లనెత్తుకుని హంసలదీవిలో అత్తారింట ఉంది. వాడి కార్డు నిండింది. మా కార్డులో ఒక గడి ఖాళీ.

“మావాడికి అన్నీ అయిపోయినయ్యక్కా. నీ మనవరాలికే ఒకటి మిగిలింది,” అంది తోటికోడలు అరుగు మీది నుంచి.

“ఏదీ, ఇటివ్వు, చూస్తా.”

“తలకిందులుగా పట్టుకున్నావక్కా,” అంది. పక్కింటావిడ పకపకా నవ్వింది.

ఆ కార్డు ఇంటికి పట్టుకొచ్చాను. చేపల వేలం రాసే గుమాస్తా దగ్గర పెన్ను అడిగి, తోటికోడలి మనవడి గడిలో ఉన్నది ఉన్నట్టుగా మా గడిలోకి దించాను. ఒక వల కన్ను చూసి ఇంకో కన్ను అల్లినట్టే. పక్కపక్కన పెట్టి చూసుకుని మురిశాను. గడి నిండడం వేరు, సూది పడడం వేరు అని తోచకపోలేదు. బుధవారం ఎలాగూ సూది వేస్తారు, గడి ముందే నిండితే ఏం పోయింది అనుకున్నాను.

ఈలోగా రేవు పక్క సందులో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. ఒకడికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో పెట్టారు.

ఆ రెండో బుధవారం, అత్తారింటి నుంచి తిరిగొచ్చిన కూతురు పనికి వెళ్తే, పిల్లను నేనే బడి వసారాకు తీసుకెళ్ళాను. పేర్లు పిలవడానికి నర్సమ్మ పక్కన ఎవరు కూర్చున్నారు? తోటికోడలే.

“తట్టుది పోయినసారే వేశాం కదమ్మా,” అంది నర్సమ్మ కార్డు చూసి.

“లేదండీ, మా పిల్ల ఊళ్ళోనే లేదు.”

“ఇదిగో తేదీ, ఇదిగో నా సంతకం. రెండోసారి వేస్తే ఇంకో పిల్ల వంతు పోతుంది. తర్వాతెవరు?”

తోటికోడలు వంగి కార్డు చూసింది. ఆ తేదీ తన మనవడిది. ఒకసారి నావైపు చూసి, ఒళ్ళో ఉన్న వాడి టోపీ సరిచేస్తూ కూర్చుంది. ఆమె ముందు ఆ మాట చెప్పడం కన్నా సముద్రంలో దూకడం నయమనిపించింది. నర్సమ్మ మంచు పెట్టె మూత మీద చెయ్యి వేసింది. చంకలో పిల్ల దగ్గింది.

“అది నేను రాశానండీ,” అన్నాను.

“మీకు రాయడం వచ్చా?”

“రాదు. బొమ్మలా దించాను.”

వసారా అంతా నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు. నన్ను చెడామడా తిట్టి, నా రాత కొట్టేసి, పిల్లకు సూది వేసింది.

“నా రాత కంటే నీదే బాగుందక్కా,” అంది తోటికోడలు వసారా మెట్లు దిగుతూ. అది మెప్పో దెప్పో నాకిప్పటికీ తెలియదు. ఆ నెలలోనే పెద్దవాళ్ళ సాయంత్రం బడిలో చేరాను. ఆమె దగ్గర మాత్రం ఒక్క అక్షరం నేర్చుకోలేదు.

ఆ రోజు వసారాలో ఉన్నది నర్సమ్మ, మంచు పెట్టె మోసుకొచ్చిన ఆయా, పక్కింటావిడ, ఆమె చంటిది, నేను, నా మనవరాలు, తోటికోడలి మనవడు, ఇంకా అంతా తెలిసి కూడా నేను చెప్పేదాకా నోరు విప్పని మా తోటికోడలు.