రాసినదానికి పది శాతం పైన

మా మామగారు దేనిమీదైనా ఒక అంకె రాసి ఉంటే నమ్మరు. దానికి పది శాతం కలుపుకుని నమ్ముతారు.

ముప్పై ఆరేళ్ళు లిఫ్టు మెకానిక్‌గా చేశారు. లిఫ్టులో 'పదిమందికి మించరాదు' అన్న రేకు బిగించేదీ ఆయనే, బిగించాక స్క్రూడ్రైవరు జేబులో దోపుకుని "పదకొండుమందిని మోస్తుంది. రాసింది పిరికివాళ్ళ కోసం" అనేదీ ఆయనే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పదకొండో మనిషిని ఎక్కనివ్వలేదు. రిటైరైన మర్నాటినుంచి ఆ పదకొండోవాడి కోసం ఇల్లంతా వెతకడం మొదలుపెట్టారు.

వాషింగ్ మెషీన్ మీద ఆరు కిలోలని ఉంటే, బట్టలు తూచి మరీ ఆరు కిలోల ఆరువందల గ్రాములు వేశారు. అది గడగడలాడుతూ వంటింటి గుమ్మం దాకా నడిచి వచ్చింది. "చూశావా అమ్మాయ్, ఇంకా ఓపిక ఉంది దానికి" అన్నారు. డాక్టరు అరగంట నడవమంటే ముప్పై మూడు నిమిషాలు నడుస్తారు. నా కుట్టు మిషన్‌కి పెద్ద చక్రం తగిలించారు. ఆ వేగంలో నేను దిండు గలీబుకి నాలుగు పక్కలా కుట్టేసి, ఇక దిండు ఎటునుంచి పెట్టాలా అని చూస్తూ కూర్చున్నాను.

అలాంటి మనిషి ఒకరోజు పేపర్లో చదివారు. కంప్యూటర్‌ని కంపెనీవాడు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తిస్తారట, ఆటలాడేవాళ్ళు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. తిరునాళ్ళలో తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు అయిపోయింది ఆయన ముఖం.

"నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు అమ్మాయ్ లోకంలో" అన్నారు. సాయంత్రానికి కంప్యూటర్ ఇంట్లో దిగింది.

అప్పటికి మా ఆయన పోయి మూడు నెలలు. పరామర్శకు వచ్చినవాళ్ళు తలా ఒక మాట అని నా మీద కూడా ఒక రేకు బిగించి పోయారు: ఇక దీని పని ఇంతే, ఇది కోలుకోదు అని. నాకు చదువు తక్కువే అయినా ఆ రేకు మాత్రం బాగా చదువుకున్నాను. పోయింది ఆయన కొడుకేనన్న సంగతి మరిచిపోయినట్టు, ఆయన్ని ఎవరూ పెద్దగా పలకరించలేదు.

మర్నాడు నాలుగింటికి పిలిచారు. "అమ్మాయ్, వేగం ఒక మెట్టు పెంచాను. నిలబడుతుందో లేదో పరీక్ష చెయ్యాలి. దీనికి ఇద్దరుండాలి."

"నాకేం వచ్చు మామయ్యగారూ."

"లిఫ్టు పరీక్షకి ఒకడు పైన మోటారు దగ్గర, ఒకడు లోపల. నేను మోటారు దగ్గరుంటా. నువ్వు లోపల. పదినిమిషాలు."

లోపల అంటే ఒక ఆట. కొండదారిలో లారీ నడపాలి. నేను కంప్యూటర్‌కి తగిలించిన స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆయన పక్కన కుర్చీ వేసుకుని, కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, వేడి చూస్తూ, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకున్నారు. పెన్సిలు చెవిమీద.

"మాట్లాడుతూ ఉండు. లోపలివాడి మాట ఆగితే పైవాడికి గాభరా."

"ఏం మాట్లాడను?"

"కనిపించింది చెప్పు."

మొదటిరోజు ఏమీ చెప్పలేదు. లారీ లోయలో పడింది. "పరవాలేదు, మోటారు నిలబడింది" అన్నారాయన. అలా రోజూ నాలుగింటికి పరీక్ష. వేగం పెంచేకొద్దీ పెట్టె మోత పెరిగింది. నిజం చెప్పొద్దూ, లారీ కూడా నిన్నటికంటే ఇవాళ హుషారుగా పోతున్నట్టే ఉండేది. దారిలో ఒక బస్సు ఉంది. అది చచ్చినా దారి ఇవ్వదు. దానితో నాకు పాతపగ ఏర్పడింది.

ఊళ్ళో ఇది తెలిసి నవ్వారు. పక్కింటావిడ "మావా కోడళ్ళకి ఈ వయసులో ఆటలేమిటమ్మా" అంది. నవ్వనీ. నాలుగయ్యేసరికి నేను తలుపు వేసుకుని లారీ ఎక్కేదాన్ని.

ఆర్నెల్లు పోయాక ఒక ఆదివారం మా ఆడపడుచు మొగుణ్ణి వెంటబెట్టుకుని దిగింది. ఆ అన్నయ్యగారు ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేస్తారు.

"నాన్నా, ఆ మోతేమిటి? ఇల్లు తగలబెడతావా? ఇవాళ దాన్ని మా ఇంటికి పట్టుకుపోతున్నాం" అంది.

"మామూలుగా ఆడుకునేవాళ్ళకి దీనివల్ల ఒరిగేది లేదు మామయ్యగారూ" అన్నారు అన్నయ్యగారు. "బొమ్మ సెకనుకి అరవైసార్లు మారేది అరవై ఆరుసార్లు మారుతుంది. కంటికి ఆనదు. మిగిలేది వేడి, మోత."

ఆ నాలుగింటి పరీక్ష పోతే నా రోజులో ఇంకేముంది? ఆడపడుచుకి ఎదురు చెప్పి ఎరగను. ఆరోజు చెప్పాను.

"తీసుకుపోవడానికి వీల్లేదు. లోపల మనిషి ఉండగా లిఫ్టు ఆపకూడదు."

"లోపలెవరున్నారు వదినా?"

"నేనున్నాను."

అన్నయ్యగారే సర్దారు. "విప్పి చూస్తాను చెల్లెమ్మా. ప్రమాదం లేకపోతే ఇక్కడే ఉంటుంది. ఉంటే మాత్రం పట్టుకుపోవలసిందే."

"చూసుకో" అని మామగారు చెప్పులేసుకుని తన ముప్పై మూడు నిమిషాలకి బయల్దేరారు. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశారు.

అన్నయ్యగారు పెట్టె వెనకకి వంగి, ఏదో మీట నొక్కారు. మోత టక్కున ఆగింది. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. పెట్టె వెనక దాక్కుని ఒక టేబుల్ ఫ్యాను ఉంది. ఆర్నెల్లుగా ఉరిమింది అదే.

తెర మీద ఏవో చూసి, తల గోక్కున్నారు. "చెల్లెమ్మా, దీనికి స్పీడు పెంచడమే కుదరదు. ఈ రకానికి కంపెనీలోనే తాళం వేసి పంపుతారు. కొన్నరోజు ఎంతో ఇవాళా అంతే."

"మరి నాన్న ఈ పుస్తకంలో రాసుకున్నదేమిటి?" అని ఆడపడుచు కుర్చీ మీది నోటుపుస్తకం తెరిచింది. ముగ్గురం చదివాం.

'షాపువాడు దీనికి వేగం పెంచడం కుదరదన్నాడు. మంచిదే. ఇది చెడిపోదు.

మొదటి రోజు. పది నిమిషాలు. మాట లేదు.

నాలుగో రోజు. పదకొండు. "బస్సు" అంది.

తొమ్మిదో రోజు. పదమూడు. కళ్ళనీళ్ళు. నాదే తొందర. మళ్ళీ పదికి దించాను.

నలభయ్యో రోజు. ఇరవై. బస్సు డ్రైవర్ని తిట్టింది. గట్టిగా.

డెబ్భయ్యో రోజు. ముప్పై మూడు. నవ్వింది. రెండోసారి వడ్డించుకుంది.'

చివరి పేజీలో 'గంట. నిలబడింది' అని ఉంది.

ఆయన మెట్టు మెట్టుగా ఎక్కించింది కంప్యూటర్‌ని కాదు. మామూలువాళ్ళకి ఓవర్‌క్లాకింగ్ వల్ల ఒరిగేది లేదని ఎవరైనా అంటే ఇప్పుడు నేనొప్పుకోను. నాకంటే మామూలు మనిషి ఎవరు?

"నాన్న చేతిరాత ఇంకా కోడికెలుకుడే" అంది ఆడపడుచు, ముక్కు తుడుచుకుని. పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టింది. అన్నయ్యగారు ఫ్యాను మీట మళ్ళీ నొక్కారు.

మామగారు తిరిగొచ్చారు. "ఏమయ్యా, తగ్గించావా?"

"తగ్గించాను మామయ్యగారూ. చాలా పైకి ఎక్కించేశారు."

"అవును. చెయ్యి పెడితే కాలేది" అన్నారు మామగారు, రెప్ప వెయ్యకుండా. "పట్టుకుపోతున్నారా?"

"అక్కర్లేదులే నాన్నా. వదిన ఉంది కదా లోపల."

"అయితే కూర్చో అమ్మాయ్. మొదటినుంచి ఎక్కించుకు రావాలి."

కూర్చున్నాను. లోయ దాటాను, రెండు వంతెనలు దాటాను. గడియారం చూసి ఆయన "గంటయింది, లేస్తావా?" అన్నారు.

"ఇంకో ఆరు నిమిషాలు మామయ్యగారూ. రాసింది పిరికివాళ్ళ కోసం."

ఆయన నోటుపుస్తకం తెరిచి, పెన్సిలు కోసం బల్ల కింద, కుర్చీ కింద, అల్లుడి జేబులో కూడా వెతికారు. అది చెవిమీదే ఉంది. చెబుదును గానీ, ముందు బస్సువాడు దారి ఇవ్వడం లేదు.